ఏరువాకయు మోటారు సైకిలును

రోహిణి కార్తె ఎండలు వెనుకబట్టి మృగశిర ప్రవేశింపగానే అనంతపురపు మెట్ట భూములలోని రైతులందరి చూపులును మబ్బులమీదనే ఉండును. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు సీమ ఇది. ఆ కొద్దిపాటి వాన ఏనాడు పడునో, ఏ పొలముమీద పడి ఏ పొలమును విడిచిపోవునో ఎవరికిని తెలియదు. అయినను పదును వాన పడిన మరునాడే విత్తనము వేయవలెనన్నచో అంతకు ముందే అన్నియు సిద్ధమై ఉండవలెను. కర్రు కాల్పించుట, గొర్రు బిగువులు సరిచూచుట, పాత పగ్గములు మార్చుట, ఎద్దులకు నాడములు కొట్టించుట, ఇవన్నియు వానకు ముందు జరుగు పనులు. వాన పడిన తరువాత కర్రు ఎక్కడ ఉన్నదని వెదకుకొను రైతును చూచి ఊరు నవ్వును.

ఈ పనులలో పెద్ద భాగము నేడు ట్రాక్టరు వంతైనది. ఇంటిముందరి వేపచెట్టు నీడను ఎద్దుల జత ఉండెడి చోట ఇప్పుడు అనేకుల ఇండ్లలో మోటారు సైకిలు నిలిచి ఉన్నది. విత్తనపు కాయలు తెచ్చునది అదే. పొలమునకు సద్ది మోయునది అదే. పాల క్యానులు, ఎరువు సంచులు, బడి పిల్లలు, పురిటికి వచ్చిన ఆడపడుచు, అందరును, అన్నియును దానిమీదనే. ఇంతటి సేవ చేయు ఆ యంత్రమును ముంగారు వానలకు ముందు ఒక్కమారు కర్రును చూచినట్లు, గొర్రును చూచినట్లు పరిశీలించువారు ఎందరున్నారు? ఈ ప్రసంగము ఆ ప్రశ్నను గూర్చినది. దానికి జవాబు వెదకుచు మనము మోటారు సైకిలు క్లబ్బులదాక పోయి రావలసి ఉన్నది.

మంచు దేశములలో మోటారు సైకిలు నడపువారికి ఒక ఋతువు కలదు. శీతకాలమంతయు బండిని షెడ్డులో ఉంచి, వసంతము రాగానే బయటికి తీయుదురు. ఆ మొదటి వారములలో అక్కడి క్లబ్బులు తమ సభ్యులకు చేయు హెచ్చరిక ఒక్కటే: బండియు, మనిషియు, దారియు మూడును కొత్తవే అనుకొని నెమ్మదిగా మొదలుపెట్టుడు. మనకు మంచు లేదు. మన బండికి విశ్రాంతియు లేదు. అయినను మనకును ఒక కొత్త ఋతువు ఉన్నది. అది తొలకరి. నాలుగైదు నెలలు ఎండి, దుమ్ము పట్టి, గట్టిపడిన దారిమీద మొదటి జల్లు పడిన నాడు మనకును దారి కొత్తదగును.

బత్తలపల్లె కూడలిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అనంతపురమునుండి కదిరికి పోవు 42వ నంబరు జాతీయ రహదారి ఆ ఊరి మీదుగా పోవుచున్నది. ధర్మవరమునుండి వచ్చు దారి అక్కడ దానిని కలియుచున్నది. 2022 ఏప్రిలులో జిల్లాల పునర్విభజన జరిగి బత్తలపల్లె శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, దాని నేలయు, నీటి కరవును అనంతపురపు పీఠభూమివే. ఆ కూడలిలో ఒకవైపు దూరప్రయాణపు లారీలు, బస్సులు. మరియొకవైపు పట్టుచీరల మూటలతో ధర్మవరపు నేతగాండ్రు. వారి నడుమ గొర్రెల మందలు, ట్రాక్టర్లు, ఆటోలు. వీటన్నింటి సందులలోనుండి ఇద్దరును ముగ్గురును ఎక్కిన మోటారు సైకిళ్లు. అందరికిని తొందరయే. ఎవరిమీద ఎవరికిని పగ లేదు, కాని ఒకరిని గూర్చి ఒకరికి ఆలోచనయు లేదు.

మోటారు సైకిలు మన పల్లెలకు వచ్చి ఎంతో కాలము కాలేదు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడి బుల్లెట్టు బండ్లను తయారు చేయనారంభించినది. 1961లో మైసూరునుండి జావా బండ్లు వెలువడినవి. ఆనాడు ఊరికి ఒక బండి ఉన్నచో గొప్ప. ఆమడ దూరముననే దాని శబ్దము విని, వచ్చునది ఎవరో పిల్లలు చెప్పగలిగెడివారు. 1985లో హీరో హోండా సంస్థ వంద సీ.సీ. బండిని విడుదల చేసిన పిమ్మట కథ మారినది. కొద్ది పెట్రోలుతో చాల దూరము పోవు ఆ బండ్లు మధ్యతరగతి ఇండ్లకును, తరువాత రైతుల ఇండ్లకును చేరినవి. ఎద్దులబండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడిచెడిది. ఆ నడకకు అలవాటుపడిన కుటుంబము ఒకటి రెండు తరములలోనే గంటకు ఎనుబది కిలోమీటర్ల వేగమును చేతబట్టినది. వేగము వచ్చినంత త్వరగా దానికి తగిన మర్యాద రాలేదు. బండి తోలుట తండ్రి కొడుకునకు నేర్పెడివాడు. ఏ ఎద్దును కాడికి ఏ పక్కను కట్టవలెనో, దిగుడులో పగ్గము ఎట్లు పట్టవలెనో, ఎదురుగా బండి వచ్చినప్పుడు ఎవరు తొలగవలెనో అన్నింటికిని ఒక సంప్రదాయము ఉండెడిది. మోటారు సైకిలుకు అట్టి సంప్రదాయము ఎవరు నేర్పవలెను?

నగరములలో ఈ పని కొంతవరకు క్లబ్బులు చేయుచున్నవి. క్లబ్బు అను మాటకు మన ఊళ్లలో అంత మంచి పేరు లేదు. ఆ మాట వినగానే పేకముక్కలు జ్ఞప్తికి వచ్చును. మోటారు సైకిలు క్లబ్బులకు ప్రపంచములోనే ఒకప్పుడు చెడ్డపేరు వచ్చినది. 1947 జులైలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున హాలిస్టర్ అను చిన్న ఊరిలో పందెములకు చేరిన మోటారు సైకిలువారు కొందరు తాగి అల్లరి చేసిరి. పత్రికలు ఆ అల్లరిని మరింత పెంచి వ్రాసినవి. 1953లో ‘ది వైల్డ్ వన్’ అను చలనచిత్రము రాగా, తోలు కోటు తొడిగి మోటారు సైకిలు ఎక్కినవాడు రౌడీయే అను అభిప్రాయము దేశదేశములకు పాకినది.

కాని క్లబ్బుల పుట్టుక అట్టిది కాదు. 1901లోనే ఇంగ్లండులో మోటారు సైక్లింగ్ క్లబ్బు ఒకటి స్థాపింపబడినది. 1904లో పారిసునందు వివిధ దేశముల క్లబ్బులు కలిసి అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడినవి. ఆనాటి యంత్రములు దారిలో తరచు ఆగిపోయెడివి. బాగుచేయు కొట్లు అంతగా లేవు. ఒంటరిగా పోయినవాడు నడిదారిలో చిక్కుకొనెడివాడు. తోడు ఉన్నచో గండము గడిచెడిది. కావున క్లబ్బు అనగా మొదట వినోదముకంటె ముందు తోడు.

నేటి క్లబ్బులలో కూడ మంచివాటికి ప్రాణము ఆ తోడే. జులై నెల రెండవ ఆదివారమున జావా, యెజ్ది బండ్లను ప్రేమించువారు పలు నగరములలో చేరి ఆ పాత బండ్ల పండుగ జరుపుకొనుచున్నారు. మైసూరు కర్మాగారము 1996లో మూతపడినను ఆ బండ్లు ఇంకను నడుచుచున్నవన్నచో, ఒకరి విడిభాగము ఒకరికి ఇచ్చుచు, ఒకరి పనితనము ఒకరికి నేర్పుచు వచ్చిన సహవాసమే అందుకు కారణము. మన హైదరాబాదునుండి జై భారతి మరి ముగ్గురు స్త్రీలతో కలిసి 2018లో మోటారు సైకిళ్లమీద బయలుదేరి మయన్మారు, థాయిలాండు, లావోసు, కంబోడియా, వియత్నాము దేశములు చుట్టి వచ్చినది. సుమారు పదునేడు వేల కిలోమీటర్ల ప్రయాణము. ఆ తరువాత ఆమె స్త్రీలకు ద్విచక్ర వాహనములు నడుపుట నేర్పు సంస్థను నడపుచున్నది. దూరము పోయి వచ్చినవారి విద్య దగ్గరివారికి అందుట, ఇదియే అట్టి ప్రయాణముల ఫలము.

సెలవు దినములలో తెల్లవారుజామున బెంగుళూరునుండి లేపాక్షికో, గండికోటకో పోవు బృందములు మన సీమ దారులలో కనిపించును. పదిమంది, పదిహేనుమంది, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువ. ఆ కోట్లు, ఆ చేతి తొడుగులు, ఆ ఖరీదైన బండ్లు చూచి మన కుర్రవాండ్రు అబ్బురపడుదురు. కాని చూడవలసినది వాటిని కాదు. ఆ బృందము నడచు తీరును చూడవలెను.

క్రమశిక్షణ గల బృందములో బయలుదేరుటకు ముందే దారి ఏది, ఆగుచోటు ఎక్కడ, పెట్రోలు ఎక్కడ అని అందరికిని చెప్పుదురు. ముందు నడచునది దారి తెలిసినవాడు. అతనిని ఎవరును దాటిపోరాదు. అతని వెనువెంటనే ఉండునది అందరికంటె కొత్తవాడు, లేక నెమ్మదియైనవాడు. బృందపు వేగము అతని శక్తిని బట్టి నిర్ణయమగును గాని గట్టివాని సరదాను బట్టి కాదు. అందరికంటె అనుభవజ్ఞుడు ముందు ఉండడు, చిట్టచివర ఉండును. పనిముట్లు, పంక్చరు సామాను, కట్టు గుడ్డలు అతని సంచిలో ఉండును. అతడు ఎవరిని వెనుక విడిచి రాడు. మలుపు వచ్చినచోట ఒకడు నిలిచి వెనుకవారికి దారి చూపును. ఒకని వెనుక ఒకడు సూటిగా కాక, ఒకడు తన వరుసలో కుడివైపునను, తరువాతివాడు కొంత వెనుకగా ఎడమవైపునను సాగుదురు. ఇందువలన ముందున్నవాడు ఉన్నట్టుండి ఆగినను వెనుకవానికి చోటుండును.

వీటన్నింటికిని మూలమైన నియమము ఒకటి ఉన్నది. ప్రతివాడును తన వెనుకవానిని అద్దములో చూచుకొనుచుండవలెను. అతడు కనబడకపోయినచో తాను వేగము తగ్గించవలెను. తాను తగ్గించుట చూచి ముందువాడు తగ్గించును, వాని చూచి ఆ ముందువాడు. ఎవరును కేక వేయనక్కరలేదు. వరుస అంతయు తానే ఆగును. ఇట్లు పదిమందిలో ఎవడును ఒంటరి కాడు.

ఈ విద్య మనకు కొత్తదా? కదిరి నరసింహస్వామి తిరునాళ్లకు బండ్లు కట్టుకొని పోయిన పెద్దలను అడుగుడు. నిదానమైన ఎద్దులు ముందు, బెదరు ఎద్దులు నడుమ, గట్టి మనిషి తోలు బండి వెనుక. ఇరుసు కింద లాంతరు. ఒక బండి చీల ఊడినచో బారు అంతయు ఆగెడిది. మన తాతలు నడిపిన ఆ బారునే నేటి క్లబ్బులు యంత్రములమీద నడుపుచున్నవి. మనము మాత్రము బండి మార్చినప్పుడు బారును విడిచిపెట్టితిమి.

విడిచిపెట్టినందుకు చెల్లించుచున్న మూల్యము తక్కువది కాదు. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారము 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది, అనగా నూటికి నలుబది నలుగురికి పైగా, ద్విచక్ర వాహనములమీద పోవువారే. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. అందులో 14,337 మంది బండి నడిపినవారు కూడ కారు, వెనుక కూర్చున్నవారు. ఈ అంకెలు పెద్దవగుటచేత మనస్సునకు అందవు. ఒక ఇంటిని తీసికొనుడు. ఏరువాక నాడు ఇంటి యజమాని కాలు విరిగినచో ఆ ఇంటికి ఒక కారు పంట పోవును. పదును వాన మనకొరకు రెండవమారు రాదు. కాలు కాక తల పగిలినచో పోవునది ఒక పంట కాదు.

తలను గూర్చి ఒక చరిత్ర చెప్పవలసి ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధమున అరేబియాలో పేరుపొందిన టి.ఇ. లారెన్సు మోటారు సైకిలుమీద మిక్కిలి మక్కువ గలవాడు. 1935 మే 13వ తేదీన ఇంగ్లండులో తన ఇంటికి సమీపముననే, దారిలో సైకిళ్లమీద పోవుచున్న ఇద్దరు బాలురను తప్పించబోయి పడిపోయెను. తలకు హెల్మెట్టు లేదు. ఆరు దినములు స్పృహ లేకుండ ఉండి మరణించెను. అతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఆ మరణము ఆయన మనస్సును విడువలేదు. సైన్యమున మోటారు సైకిళ్లమీద వార్తలు మోయువారి ప్రమాదములను పరిశీలించి, హెల్మెట్టు తలను ఎట్లు కాపాడునో 1941లో ఒక వ్యాసమున చూపెను. ఆ సంవత్సరము చివరనే బ్రిటిషు సైన్యము ఆ వార్తాహరులకు హెల్మెట్టు తప్పనిసరి చేసినది. అక్కడి సామాన్య ప్రజలకు అది చట్టమగుటకు మాత్రము 1973 దాక పట్టినది. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 129వ సెక్షను దీనిని విధించుచున్నది. హెల్మెట్టు ధరించుటవలన ప్రమాదములో మరణము సంభవించు అవకాశము నూటికి సుమారు 42 పాళ్లు, తలకు గాయమగు అవకాశము 69 పాళ్లు తగ్గునని పలు దేశముల పరిశోధనలను కలిపి చూచిన పండితులు 2008లో తేల్చిరి.

హెల్మెట్టు చేయు పని సులభముగా తెలియునట్టిదే. పై చిప్ప దెబ్బను ఒకచోట నిలువనీయక పరచును. లోపలి థర్మోకోలు తాను నలిగి, మెదడుకు తగులవలసిన అదురును తాను మ్రింగును. కనుక ఒకమారు గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి బాగున్నను పనికిరాదు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదియే కొనవలెను. 2021 జూను 1 నుండి ఆ గుర్తు లేని ద్విచక్ర వాహనపు హెల్మెట్టు తయారు చేయుటయు, అమ్ముటయు చట్ట విరుద్ధము. గడ్డము కింద పట్టీ బిగింపని హెల్మెట్టు మనిషి నేలను తాకకమునుపే ఎగిరిపోవును. దానిని పెట్రోలు ట్యాంకుమీద పెట్టుకొని పోవువాడు ట్యాంకును కాపాడుచున్నాడే గాని తలను కాదు. ఉక్క పోయుననుట నిజమే. మన సీమ ఎండలో అది చిన్న కష్టము కాదు. కాని ఆ ఎండలోనే తలకు రుమాలు చుట్టక పొలమునకు పోవువాడు మనలో లేడు గదా!

ఇక తొలకరి సంగతి. బండిని సిద్ధము చేయుటకు మెకానిక్కు దగ్గరకు పోకమునుపు ఇంటివద్దనే చూడదగినవి కొన్ని గలవు. టైర్ల గాట్లు అరిగినవేమో చూడవలెను. గాట్లు ఉన్నది అందము కొరకు కాదు. కింది నీటిని పక్కలకు నెట్టి, రబ్బరును దారికి అంటించుటకు. గాలి చల్లగా ఉన్నప్పుడు, అనగా బండి నడుపకమునుపే, చూపించవలెను. గొలుసు వదులును, బ్రేకుల పట్టును, ముందు దీపమును, వెనుక ఎర్రదీపమును చూడవలెను. అందము చెడునని తీసి అటకమీద పెట్టిన అద్దములను తిరిగి బిగించవలెను. వెనుకవానిని చూడలేని బండికి బారులో చోటు లేదు.

మొదటి వాన పడిన అరగంట మిక్కిలి ప్రమాదకరమైనది. వేసవి అంతయు దారిమీద కారిన నూనె చుక్కలు, టైర్ల రబ్బరు పొడి, ఎర్రమట్టి దుమ్ము నీటితో కలిసి జిడ్డుగా మారును. జోరుగా కురిసిన పిమ్మట ఆ జిడ్డు కొట్టుకొనిపోవును. కావున చినుకులు మొదలైనప్పుడు త్వరగా ఇల్లు చేరవలెనని వేగము పెంచుట మన అలవాటు. చేయవలసినది దానికి సరిగా వ్యతిరేకము. ఒక చెట్టు కింద కాక, ఏ బస్సు షెల్టరులోనో కొంతసేపు నిలిచినచో పిడుగు భయమును తప్పును, జారు భయమును తప్పును.

వంకలను గూర్చి సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు, అయినను ఏటేట చెప్పవలసియే వచ్చుచున్నది. ఏడాది పొడుగున ఇసుక తేలి ఉన్న వంక, ఎగువన ఎక్కడో కురిసిన వానకు గడియలో పొంగి వచ్చును. మన తలమీద చినుకు పడకపోవచ్చును. దారిమీద పారు నీరు ఎర్రగా ఉన్నప్పుడు దాని కింద దారి ఉన్నదో, తెగిపోయినదో కంటికి కనబడదు. ఆ నీటిలో బండిని దింపరాదు. నీరు తీయువరకు ఆగినచో పోవునది ఒక పూట మాత్రమే.

ఆషాఢ మాసపు గాలి మన సీమలో ఎట్టిదో రామగిరి కొండలమీద గాలిమరలు నిలిపినవారికి తెలియును. లారీని దాటునప్పుడు దాని మరుగున గాలి ఆగి, దాటిన మరుక్షణము పక్కనుండి కొట్టును. తేలిక బండి ఒక గజము పక్కకు జరుగును. అందుకు ముందే సిద్ధపడి వేగము తగ్గించుకొనవలెను. ఇక పంట నూర్పుల కాలములో ఉలవలు, కందులు దారిమీద పరచు అలవాటు ఉన్నది. వాహనము తొక్కి గింజ రాల్చునని వారి ఆశ. రాత్రివేళ ఆ గింజలు బండి చక్రము కింద గోళీలవలె దొరలును. కళ్లము చేయువారికి రైతు కష్టమెరిగిన మనమే ఈ మాట చెప్పవలెను. దారి కళ్లము కాదు.

వేగమును గూర్చి ఒక లెక్క చాలును. గంటకు 60 కిలోమీటర్లు పోవు బండి సెకనుకు సుమారు పదునేడు మీటర్లు పోవును. ఎదుట మేకపిల్ల దూకినది, కన్ను చూచినది, చేయి బ్రేకును పట్టినది. ఇంతలో ఒక సెకను గడచినది. అప్పటికే బండి పదునేడు మీటర్లు ముందుకు పోయినది; ఆగుట ఇంకను మొదలు కాలేదు. పైగా వేగము రెట్టింపైనచో బ్రేకు పట్టిన తరువాత ఆగుటకు కావలసిన దూరము నాలుగు రెట్లగును. కావున ముందు పోవు వాహనము ఒక మైలురాతిని దాటిన పిమ్మట కనీసము రెండు సెకన్లకు గాని మనము ఆ రాతిని చేరరాదు. వాన దారిలో నాలుగు సెకన్లు. ముందు బ్రేకు పట్టినచో పల్టీ కొట్టునని పలువురి భయము. బండిని ఆపు శక్తిలో హెచ్చుపాలు ముందు బ్రేకుదే. రెండింటిని కలిపి, మెల్లగా బిగించుచు పట్టవలెను. ఇసుకమీదను, బురదమీదను, మలుపులోను ఏదియు గట్టిగా పట్టరాదు. అక్కడికి చేరకమునుపే వేగము తగ్గించుకొని ఉండవలెను.

ఈ ప్రసంగమును ఇంటివద్ద చదువుచున్న తల్లులకు రెండు మాటలు. చట్టము ప్రకారము ద్విచక్ర వాహనముమీద నడపువాడు గాక ఎక్కదగినది ఒక్కరే. వెనుక కూర్చున్నవారికి పట్టుకొనుటకు పిడియు, కాలు మోపుటకు ఆనికయు, చీర చెంగు చక్రములో పడకుండ మరుగును ఉండవలెనని 1989 నాటి కేంద్ర నియమావళి చెప్పుచున్నది. ఆ చీర మరుగును అనవసరపు బరువని తీసి పారవేయువారిని వారింపుడు. కొంగు నడుమునకు చుట్టి దోపుకొనుడు. తొమ్మిది నెలలు నిండినది మొదలు నాలుగేండ్లలోపు పిల్లలను తీసికొనిపోవునప్పుడు పిల్లను నడపువానికి బిగించు పట్టీయు, పిల్లకు హెల్మెట్టును ఉండవలెనని, వేగము 40 కిలోమీటర్లు మించరాదని 2022 నాటి ఉత్తరువు విధించినది. నడపువాడు కొడుకైనను, భర్తయైనను, ‘మెల్లగా పో నాయనా’ అనుట, ‘హెల్మెట్టు పెట్టుకొంటే గాని ఎక్కను’ అనుట మీ చేతిలోని బ్రేకు.

ఎంత జాగ్రత్తగా ఉన్నను ప్రమాదము ఒక్కొక్కప్పుడు జరుగును. అప్పుడు క్లబ్బువారి చివరి మనిషి చేయు పని, దారినపోవు ప్రతివాడును చేయవచ్చును. ముందుగా వెనుకనుండి వచ్చు వాహనములను ఆపించవలెను. 108కి ఫోను చేయవలెను. ఆ సేవ ఆంధ్రప్రదేశములో 2005 ఆగస్టు 15న ఆరంభమైనది. పడినవానిని చేతులు కాళ్లు పట్టి ఎత్తి ఆటోలో పడవేయరాదు. మెడ ఎముక తప్పియుండవచ్చును. శ్వాస ఆడుచున్నంతవరకు హెల్మెట్టును లాగి తీయరాదు. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డ అదిమి పట్టవలెను. స్పృహ సరిగా లేనివానికి నీళ్లు పోయరాదు. పోలీసులు, కోర్టులు అని జంకనక్కరలేదు. సహాయము చేసినవానిని వేధింపరాదని, ఇష్టము లేనిచో అతడు పేరైనను చెప్పనక్కరలేదని 2019 నాటి చట్ట సవరణయు, దాని ననుసరించి వెలువడిన నియమములును స్పష్టము చేసినవి. బత్తలపల్లెలో పెద్ద ఆసుపత్రి ఉన్నది. 1969లో అనంతపురమునకు వచ్చి గ్రామీణాభివృద్ధి సంస్థను నెలకొల్పిన విన్సెంట్ ఫెర్రరు కృషికి అది ఒక ఫలము. ఆసుపత్రి దగ్గర ఉండుట అదృష్టము. దాని అవసరము రాకుండుట అంతకంటె అదృష్టము.

కడపట ఒక సూచన. మన పల్లెలలో మోటారు సైకిలు క్లబ్బు పెట్టుటకు తోలు కోట్లు అక్కరలేదు, చందా అక్కరలేదు, పేరు బోర్డును అక్కరలేదు. ఒకే వీధిలో ఐదు బండ్లు ఉన్నచో చాలును. మృగశిరలో ఒక ఆదివారము ఉదయము ఐదుగురును బండ్లను వేపచెట్టు కిందికి తెచ్చి ఒకరి బండిని ఒకరు చూచుకొనవలెను. తన బండిలోని లోపము కనబడనివానికి కూడ పొరుగువాని బండిలోని లోపము సులభముగా కనబడును. ఈ ఒక్క విషయములో ఆ గుణము మంచిదే. సంతకో, ధర్మవరమునకో కలిసి పోవు దినమున బారుగా పోవుడు. కొత్తగా నేర్చిన కుర్రవానిని ముందువాని వెనుక ఉంచుడు. అందరికంటె నేర్పరి చివర ఉండవలెను. నేర్పరితనము అనగా ముందు పోవుట అని మన పిల్లలు అనుకొనుచున్నారు. చివర ఉండి అందరిని ఇల్లు చేర్చినవాడే నేర్పరి అని వారికి ఒకమారు కనులారా చూపినచో, పోలీసు జరిమానా నేర్పలేనిది ఆ ఒక్క ప్రయాణము నేర్పును.

వాన మన చేతిలో లేదు. పడునో పడదో, పడినను పంట దక్కునో దక్కదో చెప్పలేము. ఇన్ని మన చేతిలో లేని చోట, పొలమునకు పోయిన మనిషి సాయంకాలము తిరిగి ఇల్లు చేరుట చాలవరకు మన చేతిలోనే ఉన్నది. ఈ ముంగారు మీ పొలములకు పదునును, మీ దారులకు క్షేమమును ఇచ్చుగాక!